రెండు చుక్కల దగ్గర ఆగండి: చెన్నై వాన శీర్షికల ప్రాజెక్టు డైరీ

అక్టోబర్, మొదటి వారం

ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ 20 అటూఇటుగా తమిళనాడులో మొదలవుతాయి. అక్కణ్నుంచి డిసెంబర్ దాకా చెన్నైలోని తెలుగువాళ్ల ఫోన్లు వాన కబుర్లతో మోగుతూనే ఉంటాయి. ‘చెన్నైకి జలగండం..’ అన్న శీర్షిక చూసి నెల్లూరు నుంచో సూళ్లూరుపేట నుంచో ఇంట్లోవాళ్లు కంగారుగా ఫోన్ చేస్తారు: ‘అక్కడ చెరువు తెగిందటగా, నీళ్లు ఇంట్లోకొచ్చాయా?’ లింకు తెరిస్తే లోపల ఉన్నది మూడు రోజుల వాన సూచన. ఇలా నాలుగుసార్లు బెదిరిన మనిషి, నిజంగా గట్టి హెచ్చరిక వచ్చిన రోజు దాన్నీ కొట్టిపారేస్తాడు. వాన వార్తల శీర్షికలు లోపలి వార్తతో సరిపోతున్నాయో లేదో సరిచూసే ఈ పని మొదలుపెట్టడానికి కారణం అదే.

తప్పుదోవ పట్టించే శీర్షికలు సినిమా వార్తల్లో ఇంకా ఎక్కువే దొరుకుతాయి. కానీ ‘షాకింగ్ నిర్ణయం’ నిజంగా షాకిచ్చేదా కాదా అని తేల్చే కొలబద్ద ఎవరి దగ్గరా లేదు. వానకు ఉంది. ఎన్ని మిల్లీమీటర్లు, ఏ జిల్లా, ఏ రంగు హెచ్చరిక, ఎన్ని క్యూసెక్కులు, ఎన్ని గంటలకు: అన్నీ నుంగంబాక్కంలోని ప్రాంతీయ వాతావరణ కేంద్రం బులెటిన్లలోనో, జల వనరుల శాఖ ప్రకటనల్లోనో రాసి ఉంటాయి. శీర్షిక ఒకటి చెప్పి వార్త ఇంకోటి చెబితే వేలు పెట్టి చూపించొచ్చు.

పరిధి చిన్నదే. రోజుకు మూడుసార్లు, ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటలకు, లాగిన్ లేని కొత్త బ్రౌజర్ ప్రొఫైల్‌లో ‘చెన్నై వాన’ అని తెలుగులో వెతికి, పైన కనిపించిన మొదటి రెండు వార్తలు తీసుకోవడం. 40 రోజులకు 240 శీర్షికలు. గడియారం చూసి తీయడం ముఖ్యం. కంటికి చెడ్డగా కనిపించినవే ఏరుకుంటే సంచిలో అన్నీ చెడ్డవే ఉంటాయి, తర్వాత ఏ లెక్క వేసినా దానికి అర్థం ఉండదు. లాగిన్ ఉన్న ఫోన్ పనికిరాదు. నిన్న ఏది నొక్కామో చూసి ఇవాళ అలాంటివే పైకి తెస్తుంది.

కింద ఉదాహరణలుగా ఇచ్చిన శీర్షికలన్నీ నిజమైనవాటి అచ్చులో మేం పోసినవి. ఏ వెబ్‌సైటువీ కావు.

అక్టోబర్, రెండో వారం: ఒక వార్త, ఐదు శీర్షికలు

కాపీ చేయడం మొదలుపెట్టగానే తేలిన విషయం ఇది. ఒక్క వార్తకు శీర్షిక ఒక్కటే ఉండదు. పేజీలో పెద్ద అక్షరాలతో కనిపించేది ఒకటి. బ్రౌజర్ ట్యాబ్ మీదా, మామూలుగా గూగుల్ ఫలితాల్లోనూ కనిపించే టైటిల్ ట్యాగ్ ఇంకోటి. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో లింకు అతికిస్తే ప్రివ్యూలో వచ్చేది మూడోది. పేజీ సోర్స్‌లో ‘ఓజీ టైటిల్’ అన్న చోట ఉంటుంది. లింకు చిరునామాలో ఇంగ్లిష్ అక్షరాలతో గీతలు కలిపి రాసిన మాటలు నాలుగోది. ఫోన్‌కి వచ్చే నోటిఫికేషన్ ఐదోది.

కంప్యూటర్‌లో కంట్రోల్, యూ కలిపి నొక్కితే సోర్స్ తెరుచుకుంటుంది. మొదటి నాలుగూ అందులో దొరుకుతాయి. నోటిఫికేషన్ మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకోవాల్సిందే, తర్వాత ఎక్కడా మిగలదు. షీటులో ఐదింటికీ ఐదు వరుసలు పెట్టాం. పేజీలో ‘ఆరెంజ్ అలర్ట్’ అని బుద్ధిగా ఉండి, వాట్సాప్ ప్రివ్యూలో ‘రెడ్ అలర్ట్’ అని ఉండే అవకాశం ఈ అమరికలోనే ఉంది. చదివేవాళ్లలో చాలామంది చూసేది ప్రివ్యూనే.

చిరునామాలోని మాటలకు ప్రత్యేకంగా ఒక విలువ ఉంది. శీర్షికను తర్వాత మార్చినా, పంచుకున్న లింకులు తెగిపోతాయని చిరునామాను సాధారణంగా కదపరు. కాబట్టి మొదట ఏం రాశారో దాని ఆనవాలు అక్కడ మిగులుతుంది. అలాగని అదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కొన్ని డెస్కులు వెతుకులాటలో దొరకాలని చిరునామాలో కావాలనే వేరే మాటలు పెడతాయి. సోర్స్‌లోనే ప్రచురించిన వేళ, సవరించిన వేళ అని రెండు గళ్లు ఉంటాయి, రెండూ రాసుకోవాలి. పేజీని వేబ్యాక్ మెషీన్ (వెబ్ పేజీల పాత నకళ్లు దాచే సైటు)లో భద్రపరచడం కూడా అప్పుడే చేయాలి, సాయంత్రానికి వాయిదా వేస్తే సవరించిన రూపమే దొరుకుతుంది.

240 పేజీలు చేత్తో తీయదగ్గ పనే కాబట్టి తీశాం. ప్రోగ్రాంతో తీసేవాళ్లు ముందు సైటు రోబోట్స్ ఫైల్ చూడండి, ప్రోగ్రాంలు ఏ పేజీలు తీయొచ్చో, ఏవి తీయకూడదో అందులో ఉంటుంది. 1994 నుంచి మర్యాదగా నడిచిన ఆ పద్ధతికి 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309 పేరుతో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం కూడా వచ్చింది.

అక్టోబర్, మూడో వారం: ‘చెన్నై’ దొరకడం లేదు

షీటులో ‘చెన్నై’ అని వెతికితే కొన్ని వరుసలు రాకపోవచ్చు, కంటికి మాత్రం ఎదురుగా కనిపిస్తుంటాయి. కారణం చివరి ‘ఐ’ గుణింతం. కంప్యూటర్‌లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ‘ై’ని ఒకే సంకేతంగా, 0సీ48గా రాయొచ్చు. లేదా ఎత్వం 0సీ46, దాని కింద ఐత్వపు గుర్తు 0సీ56, ఇలా రెండుగానూ రాయొచ్చు. తెర మీద తేడా కనబడదు, కంప్యూటర్‌కి మాత్రం అవి వేర్వేరు మాటలు. పోలిక మొదలుపెట్టే ముందే మొత్తం పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (ఇలా విడిపోయిన సంకేతాలను ఒకటిగా కలిపే యూనికోడ్ పద్ధతి) మార్చితే ఇది పోతుంది. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య కూర్చునే కనిపించని 200సీ గుర్తును పోలిక కోసం చేసిన నకలులో తీసేయాలి. అసలు ప్రతిలో ఉంచండి, లేకపోతే అక్షరాలు అతుక్కుపోతాయి.

వర్ణక్రమం సంగతి ఇంకా పెద్దది. తుపాను, తుఫాను, తుపాన్, తుఫాన్, సైక్లోన్ అన్నీ ఒకటే. చెన్నై దగ్గరి జలాశయం పేరు చెంబరంబాక్కం, చెంబరంబాకం, సెంబరంబాక్కం ఎలా రాసినా ఒకటే. దీనికి చేతిరాత జాబితా తప్ప దారి లేదు. విభక్తులు అతుక్కుంటాయి కాబట్టి మాట మొదలు మాత్రమే చూసి వెతకాలి: చెన్నైకి, చెన్నైలో, చెన్నైవాసులు. అలా వెతికితే క్రికెట్ జట్టు వార్తలు వచ్చి పడతాయి, ‘వాన’ కింద వానరాలు వస్తాయి. వీటిని తీసేసే జాబితా ఇంకోటి.

అక్టోబర్, చివరి వారం: ఐదు గళ్లు

ఇదే ప్రాజెక్టుకు ప్రాణం. శీర్షిక ‘బాగుందా, బాగాలేదా’ అని అడిగితే తలా ఒక మాట చెబుతారు. అందుకని అభిప్రాయం అడగడం మానేశాం. శీర్షిక నుంచి ఐదు విషయాలు తీసి రాయాలి: ఎవరు చెప్పారు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎంత ఖాయం. తర్వాత వార్త చదివి అవే ఐదు మళ్లీ రాయాలి. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టాలి.

శీర్షిక వరుస ముందు నింపాలి, ఆ తర్వాతే వార్త తెరవాలి. వార్త చదివాక శీర్షిక చూస్తే, లోపలి అర్థాన్ని మనకు తెలియకుండానే శీర్షికకు అంటగట్టేస్తాం. ఈ ఒక్క క్రమం తప్పితే షీటు మొత్తం పాడవుతుంది.

ఒకటి దగ్గరగా చూద్దాం.

‘చెంబరంబాక్కం గేట్లు ఎత్తివేత.. చెన్నైకి వరద ముప్పు!’

లోపల: ‘రిజర్వాయర్ పూర్తి నీటిమట్టం 24 అడుగులు కాగా 21 అడుగులు దాటింది. ముందుజాగ్రత్తగా 100 క్యూసెక్కులు వదులుతున్నారు. అడయార్ నది ఒడ్డున లోతట్టు ప్రాంతాలవారు అప్రమత్తంగా ఉండాలని అధికారులు సూచించారు.’

ఎవరు చెప్పారు: శీర్షికలో ఖాళీ, లోపల అధికారులు. ఎక్కడ: శీర్షికలో చెన్నై మొత్తం, లోపల అడయార్ ఒడ్డు. ఎప్పుడు: ‘ఎత్తివేత’ అనే మాటకు కాలం లేదు, ఎత్తారా, ఎత్తుతున్నారా, ఎత్తబోతున్నారా తెలియదు. ఎంత: శీర్షికలో ఖాళీ, లోపల 100 క్యూసెక్కులు. ఎంత ఖాయం: శీర్షికలో ఆశ్చర్యార్థకం, లోపల ‘ముందుజాగ్రత్త’.

ఇప్పుడు 100 క్యూసెక్కులంటే ఎంతో చూడాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. రోజుకు 86,400 సెకన్లు. 100 క్యూసెక్కులు రోజంతా వదిలితే 86.4 లక్షల ఘనపుటడుగులు, అంటే 8.64 మిలియన్. చెంబరంబాక్కం సామర్థ్యం 3,645 మిలియన్ ఘనపుటడుగులు. రోజంతా వదిలినా నిండు చెరువులో 420వ వంతు కూడా పోదు. 2015 డిసెంబర్ 1న ఇదే జలాశయం నుంచి వదిలిన నీరు 29,000 క్యూసెక్కులకు చేరింది. ఆ లెక్కన రోజంతా పారితే రెండున్నర టీఎంసీలు. రెంటికీ ‘గేట్లు ఎత్తివేత’ అనే రాస్తే చదివేవాడికి రెంటికీ మధ్య 290 రెట్ల తేడా కనిపించే దారేది? ఆనాటి అడయార్ వరద చూసిన కుటుంబాలకు ఆ జలాశయం పేరు వింటేనే గుండె జారుతుంది. అందుకే అంకె వేయకుండా ఆ పేరు వాడటం తప్పు.

మళ్లీ రాస్తే: ‘చెంబరంబాక్కం నుంచి 100 క్యూసెక్కులు విడుదల, అడయార్ ఒడ్డున జాగ్రత్త’. పొడవు దాదాపు అంతే. ఖాళీగా ఉన్న ‘ఎంత’ గడి నిండింది, ‘ఎక్కడ’ గడి సరైంది.

‘ఎక్కడ’ గడికి సాయంగా ఒక చిన్న పటం గీసుకున్నాం. ఇది లేకుండా వాన శీర్షికలు సరిచూడటం అసాధ్యం. చెంబరంబాక్కం మిగులు నీరు అడయార్‌లోకి వచ్చి కుండ్రత్తూర్, మణపాక్కం, సైదాపేట, కొట్టూర్‌పురం మీదుగా సముద్రంలో కలుస్తుంది. పూండి జలాశయం నీరు కొసస్థలయార్ నదిలో పడి ఎన్నూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పుళల్, అంటే రెడ్‌హిల్స్ మిగులు నీరు కూడా ఉత్తరం వైపు ఎన్నూర్ దిక్కుకే పోతుంది. కండలేరు నుంచి తెలుగు గంగ కాలువలో వచ్చే కృష్ణా నీరు చేరేది పూండికే. కాబట్టి ‘పూండి గేట్లు ఎత్తారు, చెన్నై మునుగుతుంది’ అన్న శీర్షిక చూసి సైదాపేటలోని చెల్లెలికి ఫోన్ చేయడం అనవసరం, మణలి, ఎన్నూర్ వైపు ఉన్న బాబాయికి చేయడం అవసరం. శీర్షికలో ‘చెన్నై’ అన్న ఒక్క మాట ఈ ఇద్దరినీ ఒకే గంపలో వేసేస్తుంది.

నవంబర్, మొదటి వారం: రెండు చుక్కలు

తెలుగు వెబ్ శీర్షికలో ఎక్కువగా వాడే గుర్తు ఇది. వాక్యం ముగిసిందని కాదు, సాగుతోందనీ కాదు. రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టి, సంబంధాన్ని చదివేవాడి ఊహకు వదిలేస్తుంది. తప్పుదోవ ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. రెండు ముక్కలూ విడివిడిగా నిజమే కావచ్చు.

‘నీళ్లు వదిలిన అధికారులు.. మునిగిన కాలనీలు’

లోపల చదివితే కాలనీలో నీళ్లు నిలిచింది తెల్లవారుజామున, వాన నీటి కాలువ పూడిపోయి. గేట్లు తెరిచింది సాయంత్రం. శీర్షిక చదివిన ఎవరైనా నీళ్లు వదలడం వల్లే మునిగాయనుకుంటారు. ఒక్క అబద్ధపు మాటా లేకుండా అబద్ధం తయారైంది.

దీనికి పరీక్ష ఒకటి కుదిరింది, కాగితం మీద ఎవరైనా చేయొచ్చు. చుక్కల స్థానంలో వరుసగా ‘కాబట్టి’, ‘ఆ తర్వాత’, ‘అయినా’, ‘అని ఫలానావాళ్లు అన్నారు’ పెట్టి చదవండి. చదివేవాడి చెవికి సహజంగా ఏది అతుకుతుందో రాయండి. తర్వాత వార్త ఏ మాటకు ఆధారం ఇస్తుందో రాయండి. రెండూ ఒకటైతే సరే. చెవికి ‘కాబట్టి’ వినిపించి, వార్తలో ‘ఆ తర్వాత’కు కూడా ఆధారం లేకపోతే, అది వక్రీకరణ.

రెండో రకం, చుక్కల తర్వాత ప్రశ్న వేలాడదీయడం. ‘స్కూళ్లకు సెలవు.. ఏయే జిల్లాలంటే?’ ఇందులో అబద్ధం లేదు, దాపరికం ఉంది. వాన సెలవులు జిల్లా కలెక్టర్ ప్రకటిస్తారు. చెన్నై జిల్లాకు ఇచ్చిన సెలవు తిరువళ్లూరుకో చెంగల్పట్టుకో వర్తించదు. ఉదయం ఆరింటికి పిల్లల్ని లేపాలా వద్దా అని చూస్తున్న తల్లికి జిల్లా పేరు రెండు మాటల్లో చెప్పగలిగీ దాచడం అన్యాయం. ఫేస్‌బుక్ 2016లో విషయం దాచే శీర్షికలు, అతి చేసే శీర్షికలు అని రెండు గుర్తులు చెప్పింది, 2017లో ఆ రెంటినీ విడివిడిగా చూడటం మొదలుపెట్టింది. మా షీటులోనూ అవి వేరు వరుసలు. కలిపేస్తే ఏ మందు దేనికో తెలియదు: దాపరికానికి మందు ఒక పేరు చేర్చడం, అతికి మందు ఒక మాట తీసేయడం.

మూడోది ప్రశ్నార్థకం. ‘చెన్నై మునిగిపోనుందా?’ ఇలా ప్రశ్నతో ముగిసే శీర్షికకు ‘కాదు’ అని జవాబు చెప్పుకోవచ్చని 2009లో బ్రిటిష్ జర్నలిస్టు ఇయాన్ బెటరిడ్జ్ రాశాడు. తెలుగులో ఈ పని చేయడానికి ప్రశ్న గుర్తు కూడా అక్కర్లేదు, క్రియ చివర ఒక దీర్ఘం చాలు. వెతికే నియమం రాసేటప్పుడు గుర్తు కోసం మాత్రమే చూస్తే సగం తప్పిపోతాయి.

‘ట’ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ‘వస్తుంది’ అనడానికీ ‘వస్తుందట’ అనడానికీ మధ్య తేడా తెలుగు పుట్టుకతో తెలిసిన ఎవరికైనా తెలుసు. విన్నమాట అని చెప్పడానికి ఇంత పొట్టి సాధనం మన భాషలో ఉంది. శీర్షికల్లో మొదట ఎగిరిపోయేది అదే. ఆరోపణలున్న శీర్షికలో అన్నదెవరో చెప్పాలి, కనీసం కొటేషన్ గుర్తులైనా పెట్టాలి అని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతుంది. శీర్షిక కింది వార్తకు తగ్గట్టు ఉండాలనీ చెబుతుంది. వాన వార్తకు అదే వర్తింపజేస్తే ‘: వాతావరణ కేంద్రం’ అని చివర చేర్చడమే.

నవంబర్, రెండో వారం: మాటల మెట్లు

‘భారీ’ అనేది విశేషణంలా కనిపిస్తుంది కానీ వాతావరణ శాఖ భాషలో దానికి కొలత ఉంది. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. 204.5, ఆపైన అత్యంత భారీ. ‘కుంభవృష్టి’కి కొలత లేదు, అందుకే బులెటిన్‌లో ‘భారీ’ ఉంటే శీర్షికలో కుంభవృష్టి అవుతుంది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను: ఇవీ మెట్లే. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు దాటాకే తుపాను, అప్పుడే దానికి పేరు. అల్పపీడనం దశలోనే పేరు పెట్టి ‘దూసుకొస్తోంది’ అని రాస్తే, రెండు మెట్లు ఎగిరి దూకినట్టు.

రంగులు కూడా అంతే. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే చర్య తీసుకోమని. అందరూ మరిచేది ఇంకోటుంది: బులెటిన్‌లో ‘ఒకటి రెండు చోట్ల’ అని రాస్తే ఆ ప్రాంతపు స్టేషన్లలో 25 శాతం లేదా అంతకు తక్కువ చోట్ల అని అర్థం. ‘కొన్ని చోట్ల’ 26 నుంచి 50. ‘చాలా చోట్ల’ 51 నుంచి 75. శీర్షికలో ఈ మాట పూర్తిగా మాయమై జిల్లా మొత్తానికి అత్యంత భారీ వాన మిగులుతుంది.

‘నిన్న చెన్నైలో 20 సెంటీమీటర్లు’ అన్నప్పుడు ఏ స్టేషన్ అని చూడాలి. నగరంలో వాతావరణ శాఖ పాత స్టేషన్లు రెండు, నుంగంబాక్కం, మీనంబాక్కం. అంకె తిరువళ్లూరు జిల్లాలో ఎక్కడిదో కావచ్చు. 24 గంటల లెక్క ఉదయం 8.30కి ముగుస్తుంది. కాబట్టి ఈ తేదీ మీద కనిపించే అంకెలో ఎక్కువ భాగం నిన్నటి వాన.

భయపెట్టకుండా తప్పుదోవ పట్టించే శీర్షికా ఉంటుంది. ‘బాపట్ల వద్ద తీరం దాటనున్న తుపాను’ అన్న మాట 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ విషయంలో అక్షరాలా నిజం. 5వ తేదీన బాపట్ల దగ్గరే దాటింది. కానీ అంతకు ముందే, 3, 4 తేదీల్లో, చెన్నై నీళ్లలో ఉంది. తీరం దాటే చోటు వేరు, వాన కురిసే చోటు వేరు. చెన్నైలో ఉన్నవాడు ఆ శీర్షిక చూసి మనకు తప్పిందనుకుంటే ఆ పొరపాటు అతనిది కాదు. ఈ రకానికి షీటులో మొదట గడి లేదు. ‘ఊరట’ అని ఆరో గడి చేర్చి, అప్పటిదాకా నింపినవన్నీ మళ్లీ చూడాల్సి వచ్చింది.

నవంబర్, మూడో వారం: ముగ్గురి మార్కులు

ఒక్కో శీర్షికను ముగ్గురు విడిగా చూస్తారు. ఒకరి షీటు ఇంకొకరికి కనిపించకూడదు. క్లిక్‌బైట్‌ను, అంటే ఊరించి నొక్కించే రాతలను, ప్రోగ్రాంతో పట్టే 2017 పోటీ కోసం వెబిస్ పరిశోధక బృందం తయారుచేసిన సేకరణలో 38,517 ట్వీట్లకు ఐదుగురు చొప్పున నాలుగు మెట్ల మీద మార్కులు వేశారు. చిన్న ప్రాజెక్టుకు ముగ్గురు చాలు. సరిసంఖ్య మాత్రం వద్దు, చీలిక వస్తే తేలదు.

ఏకీభావాన్ని శాతంలో చెప్పుకుని సంతోషపడకూడదు. ఇద్దరు 100 శీర్షికలు చూసి 80 చోట్ల ఒకే మాట అన్నారనుకోండి. ఇద్దరూ నూటికి 20 చొప్పున ‘మోసం’ అనేవాళ్లయితే, కళ్లు మూసుకుని వేసినా 68 చోట్ల కలుస్తుంది: 0.2ను 0.2తో, 0.8ను 0.8తో గుణించి కలిపితే 0.68. ఇలా గుడ్డిగా కలిసే భాగాన్ని తీసేసి ఏకీభావాన్ని కొలిచేది కప్పా. మనస్తత్వవేత్త జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన ఆ సూత్రం ప్రకారం 0.80లోంచి 0.68 తీసేసి, 1లోంచి 0.68 తీసేసినదానితో భాగించాలి. 0.12ను 0.32తో భాగిస్తే 0.375. వినడానికి 80 శాతం, నిజానికి బలహీనం. ముగ్గురికి ఫ్లైస్ కప్పా వాడాలి, ఆలోచన అదే.

తగాదా ఎక్కువగా ‘ఎంత ఖాయం’ గడిలోనే వచ్చింది. ‘ముప్పు’ అంటే జరగబోతోందని ఒకరు, జరగొచ్చని ఇంకొకరు. ఇలాంటి మాటలకు ముందే అర్థం రాసి చేతికివ్వాలి: ముప్పు, గండం, అవకాశం, ఖాయం, తప్పదు. ఐదు మాటల ఈ చీటీ రాసిపెట్టాకే మార్కులు దగ్గరపడతాయి. ముందు 30 శీర్షికలతో రిహార్సల్ చేసి, చీటీ దిద్ది, ఆ 30నీ పక్కనపెట్టి, అసలు పని మొదలుపెట్టడం సరైన వరుస.

నవంబర్, చివరి వారం: తెగిన తోక

‘చెన్నైకి తుపాను ముప్పు లేదు: వాతావరణ కేంద్రం’

ఈ శీర్షిక నిజాయతీగలది. నోటిఫికేషన్‌లో చోటు చాలక తెగితే మిగిలేది ‘చెన్నైకి తుపాను ముప్పు…’. తెలుగులో క్రియ చివర ఉంటుంది, కాదు, లేదు, వద్దు కూడా చివరే. ఫోన్ కత్తిరించేదీ చివరే. రాసినవాళ్ల తప్పు లేకుండానే అర్థం తిరగబడుతుంది. ఫాంట్ పెద్దది పెట్టుకునే పెద్దవాళ్ల ఫోన్లలో ఇంకా ముందే తెగుతుంది. వాళ్లే ఎక్కువ కంగారుపడేదీ.

పరీక్ష: ప్రతి శీర్షికనూ రెండు ఫోన్లకు పంపాలి, ఒకటి మామూలు అక్షరాలతో, ఇంకోటి సెట్టింగ్స్‌లో అక్షరాలు అన్నిటికన్నా పెద్దగా పెట్టి. తాళం వేసిన తెర మీద కనిపించినంతవరకే రాసుకుని, ఐదు గళ్లు మళ్లీ నింపాలి. మందు: కాదన్న మాటను ముందుకు తేవడం. ‘తుపాను లేదు, వానలే: చెన్నై వాతావరణ కేంద్రం’. ‘భయం వద్దు’ అని మొదలుపెట్టినా తెగదు. ‘పుకారే’, ‘అబద్ధం’ లాంటి మాటలు కూడా మొదటే రావాలి. ‘డ్యామ్ తెగిందన్న ప్రచారం అబద్ధం’ అని రాస్తే తెగాక పుకారే మిగులుతుంది.

లోపల సరిగ్గా రాశాం కదా అన్న సమాధానం నిలవదు. వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయానికి చెందిన ఉల్రిచ్ ఎకర్, సహ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, వార్త మొత్తం చదివినవాళ్లలో కూడా శీర్షికలోని మొగ్గు జ్ఞాపకాన్ని, దాన్నుంచి వాళ్లు చేసే ఊహను తనవైపు లాగుతుందని తేలింది.

డిసెంబర్, మొదటి వారం: మోడల్

చేత్తో నింపిన షీటు ఉంది కాబట్టి కంప్యూటర్‌కి నేర్పే ప్రయత్నం. తెలుగు తెలిసిన భాషా మోడళ్లలో (పాఠాలు చూసి నేర్చుకునే ప్రోగ్రాంలు) గూగుల్ రీసెర్చ్ ఇండియా ఇచ్చిన మ్యూరిల్, ఇక్కడి ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ ఇచ్చిన ఇండిక్‌బర్ట్ అందరికీ అందుబాటులో ఉన్నాయి. 240 వరుసలు మోడల్‌కి మొదటినుంచి నేర్పడానికి చాలవు, పరీక్షించడానికి చాలు.

శీర్షిక ఒక్కటే ఇచ్చి నేర్పితే ఏమవుతుందో ముందే తెలుసుకోవాలి. ఆశ్చర్యార్థకం, ‘షాక్’, ‘బిగ్’ ఉంటే చెడ్డదని పట్టేస్తుంది. అప్పుడు ‘రెడ్ అలర్ట్! బయటకు రావద్దు’ అన్న న్యాయమైన హెచ్చరిక దోషిగా నిలబడుతుంది, మెత్తగా రాసిన ‘నీళ్లు వదిలిన అధికారులు.. మునిగిన కాలనీలు’ తప్పించుకుపోతుంది. వాన వార్తలో గట్టిగా అరవడం నేరం కాదు, కొన్ని రోజుల్లో అరవాల్సిందే. అందుకని శీర్షిక, వార్త రెండూ జంటగా ఇవ్వాలి.

జంటగా ఇస్తే ఇంకో చిక్కు. మ్యూరిల్ ఒకసారికి 512 టోకెన్లు, అంటే మాటల ముక్కలు, తీసుకుంటుంది. తెలుగు మాట ఒక్కోటి రెండు మూడు ముక్కలవుతుంది కాబట్టి పొడుగు వార్త సగంలో తెగుతుంది. అసలు విషయం, ‘అయితే ప్రస్తుతానికి ప్రమాదం లేదని అధికారులు తెలిపారు’, చివరి పేరాలో ఉంటుంది. వార్తను పేరాలుగా విడగొట్టి, ఒక్కో పేరాతో శీర్షికను పోల్చి, అన్నిటికన్నా ఎక్కువ ఆధారం ఇచ్చిన పేరాను, ఎక్కువ అడ్డుపడిన పేరాను, రెండింటినీ ఉంచుకోవాలి. నేర్పే వరుసలు, పరీక్షించే వరుసలు విడదీసేటప్పుడు ఒకే వాన సంఘటన రెండు వైపులా రాకూడదు. ఒకే సైటు కూడా రాకపోతే మేలు, లేకపోతే మోడల్ సైటు రాత తీరును గుర్తుపట్టి మార్కులు కొట్టేస్తుంది.

అంకెలు మోడల్‌కి వదలలేదు. ‘29,000’, ‘29 వేలు’, ‘29వేల’ అన్నిటినీ ఒకే సంఖ్యగా మార్చే చిన్న నియమాలు, పక్కన యూనిట్ పట్టే నియమాలు చేత్తో రాశాం. మిల్లీమీటర్లూ సెంటీమీటర్లూ కలిసిపోయే చోట పది రెట్లు తప్పుతుంది, దాన్ని వేరే పరీక్షతో పట్టుకోవాలి.

డిసెంబర్, రెండో వారం: ఇంకా మిగిలినవి

‘రేపు’ సమస్య తేలలేదు. ‘రేపు చెన్నైలో స్కూళ్లకు సెలవు’ అన్న శీర్షిక రాసిన రోజు నిజం, మర్నాడు మధ్యాహ్నం వాట్సాప్‌లో తిరిగేటప్పుడు అబద్ధం. పేజీలో తేదీ ఉంటుంది, ప్రివ్యూలో ఉండదు. పేజీని సవరించిన వేళ మారితే పాత వార్త కొత్తదిలా పైకొస్తుంది. ప్రస్తుతానికి నియమం ఒక్కటే: నిన్న, ఇవాళ, రేపు, ఎల్లుండి అన్న మాట శీర్షికలో ఉండి తేదీగానీ వారం పేరుగానీ లేకపోతే పసుపు గుర్తు. ‘గురువారం చెన్నై జిల్లా స్కూళ్లకు సెలవు’ అంటే పోయేది, చోటు కూడా పెద్దగా పెరగదు.

వీడియోలకు ఈ షీటు పనికొస్తుందా అన్నది రెండో పని. శీర్షికలో, థంబ్‌నెయిల్‌లో చెప్పింది వీడియోలో లేకపోతే చర్య తీసుకుంటామని, భారత్‌తోనే మొదలుపెడుతున్నామని యూట్యూబ్ 2024 డిసెంబర్‌లో ప్రకటించింది. థంబ్‌నెయిల్ మీద రాసిన తెలుగు అక్షరాలు ముందు చదివి టైపు చేయాలి, ఆ బొమ్మ ఏ ఏటి వరదదో కూడా చూడాలి. గూగుల్ లెన్స్‌లో బొమ్మ వెతికితే పాతదైతే చాలాసార్లు దొరుకుతుంది. దీనికి ఏడో గడి ‘బొమ్మ ఎప్పటిది’.

సవరణ కోరుతూ సైట్లకు రాసే ఉత్తరం నమూనా సిద్ధమైంది, చిన్నదే: లింకు, చూసిన తేదీ, వేళ, ఐదింటిలో ఏ శీర్షిక, దాని మాటలు, వార్తలోని వాక్యం, బులెటిన్‌లోని వాక్యం, మేం సూచించే శీర్షిక. ఓజీ టైటిల్ కూడా మార్చమని విడిగా రాయాలి. పేజీ శీర్షిక మార్చి ప్రివ్యూ వదిలేస్తే వాట్సాప్‌లో పాతదే తిరుగుతుంది.

మిగిలిన 36 వరుసలకు మూడో మార్కు పడాలి. ఊరట గడి కోసం పాతవి మళ్లీ చూడటం 112వ శీర్షిక దగ్గర ఆగింది.